పైలట్ ఎక్కాక

ముప్ఫయ్యొక్క ఏళ్లు టగ్గు మీద సరంగుని.
యారాడ కొండ ముక్కు కింద
ఇరుకు కాలవలోకి ఓడలు రావడం చూశాను.
ఊరంత ఓడ, దేశాలు తిరిగిన కెప్టెను,
గడ్డం నెరిసినవాడు,
చిన్న పడవలోంచి తాడు నిచ్చెన పట్టుకుని
మనూరి పైలట్ పైకి ఎక్కగానే
ఎడమ అంటే ఎడమ, ఆపు అంటే ఆపు.
ఆ కెప్టెన్ని చూసి ఎప్పుడూ
చిన్నబోయాడనుకోలేదు నేను.

ఈ సంగతి తెలుసు నాకు.
తెలిసీ
ఆ ఆదివారం ఒళ్లు మండింది.

మల్కాపురంలో మా మందిరం చిన్నది.
కిటికీలోంచి రిఫైనరీ మంట కనబడుతుంది.
ఓర్ దుమ్ము పడీ పడీ తెల్ల పరదాలు
ఇటుక రంగుకి తిరిగాయి.
ఆ పరదాలు నేను కొన్నవే.
ఫ్యాన్లు నేను వేయించినవే.
పునాదికి కంకర మోసినవాళ్లలో
ఇంకా బతికున్నది నేనూ, సలోమమ్మా.

ఎలీషా మాకు కాపరిగా వచ్చి రెండేళ్లు.
వాడు, కాదు, ఆయన
పంతొమ్మిదేళ్లప్పుడు నా టగ్గు మీద ఖలాసీ.
తాడు చుట్టడం నేనే నేర్పాను.
మెలిక తప్పితే చెవి మెలేసేవాణ్ణి.
వారమంతా "ఒరే ఎలీషా."
ఆదివారం "అయ్యగారూ" అనాలంటే
గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టుండేది.

మొదటి ఆదివారం. ప్రభువు బల్ల.
రొట్టె పళ్లెం వరస దాటి వరసకి వస్తోంది.
నా ముందు ఆగి, వంగి,
నాకొక్కడికే వినబడేలా అన్నాడు:
"మావయ్యా, మీ అమ్మ సమాధి రాయి మీద
తీతు పేరు లేదు.
అది సరిచేసుకుని రండి.
పళ్లెం ఎక్కడికీ పోదు."

సంఘ పెద్దని నేను.
డెబ్బై తలకాయలు నా వైపు తిరిగినట్టనిపించింది.
నిజానికి ఎవరూ తిరగలేదు.
వణికింది ఆయన చెయ్యి.
అది మాత్రం చూశాను.
పళ్లెంలో రొట్టె ముక్కలు
ఇంజను మీద పెట్టిన బోల్టుల్లా కదిలాయి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూలబడ్డాను.
"కమిటీ పిలుస్తాను. వీణ్ణి పంపించేద్దాం.
నలుగురు నా మాట దాటరు."
దయామణి పులుసు దించుతూ
నా వైపు చూడకుండానే అంది:
"ఏటి, అయ్యగారు అబద్ధమాడేరా?"

అబద్ధం కాదు.
అదే కదా ఇబ్బంది.
అమ్మ మంచంలో ఉన్న ఏడాదీ
పారాదీప్‌లో పని అంటూ తీతు రాలేదు.
పోయాక వచ్చాడు.
పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు నేను.
రాయి చెక్కిస్తూ "కుమారుడు" అని
ఏకవచనంలో రాయించాను.
ఆ రోజు నా వ్యాకరణం నాకెంత నచ్చిందో!

పొగిడే కాపరుల్ని ముగ్గుర్ని చూశాను.
కానుక కవరు బరువు చూసి
నా కుర్చీ ముందుకి జరిపినవాళ్లు.
వాళ్లకి లోబడటం ఎంత సులువు!
నా మాటే నాకు తిప్పి చెప్పేవారు.
కాపరినని చెప్పి ఏది పడితే అది చెయ్యమంటే
నేను చెయ్యను. మీరూ చెయ్యొద్దు.
తాగి నిచ్చెనెక్కిన పైలట్ని
వెనక్కి దింపేసిన కెప్టెన్నీ చూశాను.
కానీ ఈ కుర్రాడు తాగి లేడు.
కాలవలో రాయి ఎక్కడుందో తెలిసి,
చెయ్యి వణుకుతూనే
"ఎడమ" అన్నాడు.

గురువారం తీతుకి ఫోను చేశాను.
ఎత్తాడు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
వెనక టీవీ మోగుతోంది.
"రాయి మీద నీ పేరు చెక్కిస్తన్నాను."
"ఇప్పుడా?"
"ఇప్పుడే."
పెట్టేశాడు. రాలేదు. ఇంకా రాలేదు.

రాళ్లు చెక్కే గవర్రాజు కొలిచి పెదవి విరిచాడు,
చోటు లేదు బాబూ అని.
ఎలాగో ఇరికించమన్నాను.
'తీ' బాగానే పడింది.
'తు' అంచుకి జారి సగం గడ్డిలోకి దిగింది.
కుమారుడులో 'డు' చెరిపిన చోట పల్లం పడితే
ఆ పల్లంలోనే 'లు' చెక్కాడు.
వేలు పెడితే తగులుతుంది.

మళ్లీ మొదటి ఆదివారం.
పళ్లెం నా ముందు ఆగింది.
ఆయన ఏమీ అడగలేదు.
గోళ్ల సందున రాతిపొడి ఉన్న చేత్తో
రొట్టె అందుకుంటూ
"అయ్యగారూ" అన్నాను.
ముల్లు ఇంకా ఉంది.
కొంచెం గుచ్చుకుంది.
మింగాను.